పేపరు తడిసింది

2024 మార్చి మూడో వారం. బెంగళూరులో ఏ ఇద్దరు కలిసినా నీళ్ల గురించి తప్ప మాట్లాడుకోని రోజులవి. రామమూర్తినగర్‌లో మా అపార్టుమెంటు బోరు శివరాత్రికే చేతులెత్తేసింది. రోజు మార్చి రోజు ట్యాంకరు వచ్చేది, అదీ సెక్రటరీ గారు పది ఫోన్లు చేస్తే. అలాంటప్పుడు ఒకరోజు పొద్దున్నే హాల్లోకి వచ్చిన మా ఆవిడ పాదం తడిసింది.

"నీళ్లెవరు పారబోసింది?" అంది. ఆ నెలలో మా ఇంట్లో అంతకు మించిన నేరం లేదు. నేను కాదన్నాను. మా అమ్మాయి కాదంది. నాయన చేతిలో పేపరు దించకుండానే "నేను కుర్చీలోంచి లేస్తే కదా" అన్నాడు. తుడిచేశాం. మర్నాడు మళ్లీ తడి. మూడో రోజు నాయన పేపరు మడిచి, మెల్లగా లేచొచ్చి, చేపల తొట్టి స్టాండు కింద వేలు పెట్టి రాశాడు. ఆ వేలు వాసన చూసి, "నీదేరా" అన్నాడు.

తొట్టి నాదే, కాదనను. కానీ చేసింది ఆయన.

నాయన దూరవాణినగర్ ఐ.టి.ఐ.లో టూల్‌రూమ్ మనిషి. 1948లో పుట్టిన ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు దేశమంతా వేలు పెట్టి గిర్రున తిప్పిన నల్ల ఫోన్లు అక్కడ తయారయ్యేవి. పలమనేరు నుంచి వచ్చి ఆ గేటులో అడుగుపెట్టిన నాయన, రిటైరయ్యే దాకా ఏ వస్తువును చూసినా ముందు దాని అతుకులే చూసేవాడు. 1983లో మత్స్యశాఖ వాళ్లు కబ్బన్ పార్కులో కస్తూర్బా రోడ్డు వైపు అక్వేరియం పెట్టారు. దేశంలో రెండో పెద్దదని ఊళ్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. రెండేళ్లకు, నా పదో ఏట, వేసవి సెలవుల్లో నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. లోపల చీకటి. గోడల్లో కిటికీల్లాగా అద్దాలు, వాటి వెనక పచ్చటి వెలుగు. నేను నోరు తెరుచుకుని చేపల్ని చూస్తున్నాను. నాయన అద్దం గోడలో కలిసే చోట గోటితో గీకి చూస్తున్నాడు. "ఈ సందులో ఏం పెట్టినారు?" అని అక్కడి మనిషిని కన్నడంలో అడిగాడు. అతను "చేపల పేర్లు కావాలంటే చెప్తాను సార్" అన్నాడు.

ఆ ఏడాదే మా తొట్టి తయారైంది. ముప్పావు అంగుళం ఇనుప యాంగిల్ కోసి, కె.ఆర్.పురంలో వెల్డింగు చేసే స్నేహితుడి దగ్గర ఫ్రేము అతికించి తెచ్చాడు. మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగున్నర ఎత్తు. కిటికీ అద్దాలకు పెట్టే సుద్ద, అవిసె నూనె పుట్టీనే చపాతీ పిండిలా పిసికి, ఫ్రేము లోపల వరస పెట్టి అద్దాలు నొక్కాడు. మొదటి వారమంతా కారింది. అమ్మ కింద పాత చీర పరిచి గొణుక్కుంది. నాయన మాత్రం, "నీళ్ల బరువుకు అద్దం పుట్టీలోకి నొక్కుకుంటుంది, అదే ఆగుతుంది" అన్నాడు. ఆగింది కూడా. కొళాయి నీళ్లలో క్లోరిన్ చేపలకు పడదని ఎవరో చెబితే, ఫొటో స్టూడియోకి వెళ్లి హైపో పొట్లం కట్టించుకొచ్చాడు. ఫొటో కాగితం కడగడానికి వాడే ఆ పలుకులే క్లోరిన్ని కూడా విరిచేస్తాయి. బకెట్టుకు రెండు పలుకులు. మా ఇంట్లో ఇప్పటికీ వాటర్ కండిషనర్ సీసాను హైపో అనే అంటారు.

తరవాత ఆ తొట్టికి ఎన్ని మరమ్మతులో! 1995లో పుట్టీ ఎండి బీటలు వేస్తే, అంతా గీకేసి సిలికోన్ పెట్టాం. 2009లో ఇల్లు మారేటప్పుడు ముందు అద్దం పగిలింది, కొత్తది వేయించాం. అడుగున గులకరాళ్లు ఎన్నోసార్లు మారాయి. చేపల సంగతి చెప్పేదేముంది. మొదటి రోజు నుంచీ ఉన్నవి మిగతా అద్దాలు, ఇనుప ఫ్రేము. ఏటా దసరాకు ఫ్రేముకు నల్ల పెయింటు వేసేవాణ్ణి. పెయింటు కింద ఏం జరుగుతోందో ఆలోచించలేదు.

ఇప్పుడు కారుతోందని తేలింది కనక, ఎంత కారుతోందో తేల్చాలి. అద్దం మీద స్కెచ్ పెన్నుతో నీటి మట్టం గీశాను. స్టాండు మీద తొట్టి నాలుగు పక్కలా పాత పేపరు పట్టీలు దూర్చాను. పొద్దున చూస్తే ఎడమ పక్క వెనక మూల పేపరు మెత్తగా నానిపోయింది. మట్టం సెంటీమీటరు దిగింది. ఆ కొలతల తొట్టిలో సెంటీమీటరంటే మూడున్నర లీటర్లు. ఈ లెక్క మా ఆవిడకు చెప్పకుండా ఉండాల్సింది.

"రాత్రికి మూడున్నర లీటర్లు! నేను గిన్నెలు కడిగిన నీళ్లు బాత్రూంలోకి మోస్తున్నాను. మీ చేపలు నేలకు స్నానం చేయిస్తున్నాయి."

ఆమెను తప్పుపట్టను. ఆ నెల 8న జలమండలి తాగునీటితో కారు కడిగినా, తోట తడిపినా అయిదు వేలు జరిమానా అని ప్రకటించింది. అక్వేరియం మాట అందులో లేదు. కానీ లిఫ్టులో ఎవరైనా "మీ ఇంట్లో పెద్ద చేపల తొట్టి ఉంది కదండీ" అంటే నాకు జరిమానా రసీదు చేతిలో పెట్టినట్టే ఉండేది.

ఇంట్లో మూడు మాటలు నడిచాయి. కొత్తది కొనమంది అమ్మాయి. అసలు ఈ చేపల పెంపకమే మానెయ్యమంది మా ఆవిడ. బాగుచేస్తానన్నాను నేను. నాయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు వింతగా తోచింది. చేసినవాడు కదా, నా పక్షానే ఉంటాడనుకున్నాను.

మానెయ్యడానికి అడ్డం ఒక చేప. 2011లో బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చిన సక్కరు, ఇప్పుడు జానెడు దాటి మూరకు కాస్త తక్కువ. నల్లటి ముళ్ల చొక్కా తొడుక్కుని, అద్దానికి నోరానించి, పగలంతా కదలదు. మిగతావి ఆరు రోజీ బార్బులు, లెక్క తెలియని మోలీలు. వాటిని ఎవరైనా తీసుకుంటారు. దీన్ని అంగట్లో ఊరికే ఇస్తామన్నా వద్దన్నారు. కింది అంతస్తు పెద్దాయన "హలసూరు చెరువులో వదిలెయ్యండి సార్, పుణ్యం" అన్నాడు. 2016 మార్చిలో ఆ చెరువులో వేల చేపలు చచ్చి తేలిన ఉదయం నేను ఆ గట్టు మీద బస్సులో వెళ్లాను. ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకున్నా ఆ వాసన సాయంత్రం దాకా వదల్లేదు. అయితే సక్కరు అక్కడ కూడా చావదు, అసలు చిక్కు అదే. నీళ్లలో ప్రాణవాయువు లేకపోతే పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. దక్షిణ అమెరికా నుంచి అందంగా ఉందని తెచ్చి, పెద్దదయ్యాక ఇలాగే పుణ్యానికి వదిలిన చేపలే మన చెరువుల్లో నిండి, రైతుల వలలు చింపుతున్నాయి. దెయ్యం చేప అని పేరు పెట్టింది ఊరికే కాదు. కొనేవాడు లేడు, తినేవాడు లేడు. పెద్దాయనకు ఇదంతా చెప్పబోతే, "అయితే ఉంచుకోండి" అని లిఫ్టెక్కాడు.

ఉంచుకోవాలంటే తొట్టి కావాలి. ఒక ఆదివారం శివాజీనగర్ వెళ్లాను. రసెల్ మార్కెట్టు పక్క సందుల్లో రంగుచేపల అంగళ్లు నా చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. సంచిలో గాలి ఊది రబ్బరు బ్యాండు వేసి ఇచ్చే చేతివాటం మాత్రం మారలేదు. నాకు తెలిసిన భాయ్ ఫోన్లో ఫొటో చూశాడు. ముందు కన్నడంలో "ఇదు తుంబా హళేదు సార్" అన్నాడు. నేను కదలకపోయేసరికి తెలుగులోకి దిగాడు.

"ఫ్రేమ్ తొట్టి నేను చూసి పదిహేనేండ్లయింది సార్. ఇప్పుడంతా గ్లాసుకి గ్లాసే అతుకు. మీది నేను బాగుచేస్తా, కానీ గ్యారంటీ ఇయ్యను. గ్లాసుకిస్తా. తుప్పుకెట్లా ఇస్తా?"

ఎనిమిది మిల్లీమీటర్ల అద్దంతో అదే కొలతల కొత్త తొట్టి నాలుగున్నర వేలన్నాడు. సిలికోన్ ట్యూబు ఒకటి, బ్లేళ్లు, అసిటోన్ సీసా కలిపి నాకు ఆరు వందలు కాలేదు. లెక్క చూసుకుంటే ఎటు మొగ్గాలో తెలుస్తూనే ఉంది కదా అనుకుంటూ మెట్రో ఎక్కాను. నా శ్రమకు నేనే ధర కట్టుకోకపోవడం వల్ల వచ్చిన లెక్క అది.

మెట్రోలో కూర్చున్నప్పుడు ముంబైలోని తారాపోర్‌వాలా అక్వేరియం గుర్తొచ్చింది. మెరీన్ డ్రైవ్ మీద 1951లో తెరిచింది. మరమ్మతులకని 2013లో మూసి, కోట్లు పోసి, 2015లో తెరిచారు. నేను ఆ తరవాతి ఏడాది ఆఫీసు పని మీద వెళ్లి చూశాను కూడా, కొత్త అద్దాలు తళతళలాడుతున్నాయి. కొన్నేళ్లకే కట్టడమే బలహీనంగా ఉందని మళ్లీ తలుపులు పడ్డాయి. ప్రభుత్వమే రెండేళ్లు తలకిందులై తేల్చుకోలేనిది నేను ఒక ఆదివారం మధ్యాహ్నం తేలుస్తానా అని నవ్వుకున్నాను.

చేపల్ని ముందు బయటికి తియ్యాలి. బెంగళూరులో ప్రతి ఇంటి బాల్కనీలో ఆ వేసవికి ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము వెలిసింది. మాకూ ఉంది. సగం డ్రమ్ము తొట్టి నీళ్లే పోసి, చేపల్ని దించి, స్పాంజి ఫిల్టరు అందులోనే నడిపించాను. ఆ మురికి స్పాంజిని మా అమ్మాయి శుభ్రంగా కడిగి పెట్టబోతే కేక వేశాను. అక్వేరియంలో నిజంగా పాతది కావాల్సింది అదొక్కటే. చేప విసర్జించే అమోనియాను కంటికి కనిపించని క్రిములు ముందు నైట్రైట్‌గా, ఆ తరవాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది చాలావరకు ఓర్చుకుంటుంది. ఆ క్రిములు స్పాంజిలో, గులకరాళ్ల మీద కాపురం పెట్టడానికి నెల, నెలన్నర పడుతుంది. కొత్త తొట్టి, కొత్త రాళ్లు, కొత్త ఫిల్టరు ఒకేసారి పెట్టి, వారం తిరక్కుండా చేపలు చచ్చిపోయాయని అంగడివాణ్ణి తిట్టేవాళ్లను ఎంతమందిని చూశానో. కొళాయి కింద స్పాంజి పిండితే ఆ క్లోరిన్‌కు వాటి కాపురం కూలుతుంది. "నాన్నా, మీరు మురికిని కాపాడుతున్నారు" అంది అమ్మాయి. అంతే కదా.

తొట్టిలో మిగిలిన నీళ్లు, ఆరు బకెట్లు, మొక్కలకు. పై అంతస్తు ఆవిడ తులసి కోసం చెంబు పట్టుకొచ్చింది. ఎవరో చెప్పారట, చేపల నీళ్లు ఎరువని. సాయంత్రానికి మెట్ల మీద నలుగురు. నెల రోజులుగా వాడిపోయిన మా అపార్టుమెంటు కుండీలన్నీ ఆ రోజు మా సక్కరు దయతో తడిశాయి. మా ఆవిడ నా వైపు కాస్త మెత్తగా చూసిన మొదటి రోజు అదే.

ఇక నా మరమ్మతు. ఒప్పుకోవాలి, బద్ధకించాను. కారే మూలలో పాత సిలికోన్ మీదే కొత్తది మందంగా పూసి, వేలికి సబ్బునీళ్లు రాసుకుని నున్నగా దిద్దాను. ఇల్లంతా వెనిగర్ వాసన. నాయన కుర్చీలోంచే, "గీకితివా?" అన్నాడు.

"పైన పూస్తే చాలు నాయనా."

"పాతదాని మీద కొత్తది పట్టదురా" అని మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

ట్యూబు మీద ఇరవై నాలుగు గంటలని రాసుంది. నేను రెండు రోజులు ఆగాను. నింపాను. మూడో రోజు పేపరు తడిసింది. వంద లీటర్ల ట్యాంకరు నీళ్లు మళ్లీ తియ్యాల్సి వచ్చింది. మొక్కలవాళ్లు మాత్రం సంతోషించారు.

రెండోసారి పద్ధతిగా మొదలుపెట్టాను. లోపలి సిలికోనంతా బ్లేడుతో పొర పొరగా లేపాలి. గట్టిపడ్డ సిలికోన్‌కు కొత్త సిలికోన్ అతుక్కోదు. ఒక్క పొర మిగిలినా దాని వెంబడే నీరు దారి చూసుకుంటుంది. మూడు సాయంత్రాలు, రెండు వేళ్లకు బ్యాండేజీలు. ఎడమ వెనక మూల దాకా వచ్చేసరికి బ్లేడు కింద ఎర్రటి పొడి రాలింది. ఫ్రేము, అద్దం కలిసే సందులో తుప్పు పొరలు పొరలుగా, ఉబ్బిన మైసూరుపాకు ముక్కలా ఉంది. ఇనుము తుప్పయితే బరువే కాదు, చోటు కూడా ఎక్కువ తింటుంది. ఏళ్ల తరబడి లోపల్లోపల ఉబ్బి అడుగు అద్దాన్ని పైకి నెట్టింది. అద్దం మూలలో వెంట్రుకలా సన్నటి చీలిక. సిలికోన్ తప్పేం లేదు. తొట్టిని ఇన్నేళ్లు నిలబెట్టిన ఇనుమే దాన్ని విరుస్తోంది.

నాయన్ని పిలిచాను. ఆయన వచ్చి, స్క్రూడ్రైవరు పిడితో ఫ్రేము నాలుగు మూలలా కొట్టాడు. మూడు మూలలు ఠంగుమన్నాయి. నాలుగోది డొక్కుడబ్బాలా పలికింది. టూల్‌రూమ్‌లో చేసిన పనికి మార్కులేసే మొహం పెట్టాడు.

"గుజరీకి వేసెయ్."

బెంగళూరులో పాత ఇనుప సామాను కొనే అంగడిని గుజరీ అంటారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆ మూల కోసి కొత్త యాంగిల్ ముక్క వెల్డింగు చేయిస్తే, అడుగు అద్దం కొత్తది వేస్తే...

"వెల్డింగు వేడికి అద్దాలన్నీ తియ్యాల. తీస్తే పగులుతాయి. పగిలినాక ఫ్రేమొక్కటీ పెట్టుకొని ఏం చేస్తావు, పూజ చేస్తావా? నేను చేసినప్పుడు పదేండ్లు నిలిస్తే చాలనుకున్యా."

నాకు కోపమొచ్చింది. ఆయన చేసిన వస్తువు గురించి ఆయన అంత తేలిగ్గా మాట్లాడటం నాకు నచ్చలేదు. నలభై ఏళ్లుగా దసరాకు పెయింటు వేసింది నేను, ఆయన కాదు. ఆ మాటే అన్నాను. "పెయింటు పైపైన వేస్తివి, లోపల ఎట్ల పోతుంది" అని వెళ్లి కూర్చున్నాడు. సమాధానం లేదు నా దగ్గర.

కొత్త తొట్టికి భాయ్‌కి డబ్బు కట్టొచ్చాను. తెచ్చిన రోజు, స్టాండు మీద పెట్టబోతుంటే నాయన ఆపాడు. తన ట్రంకుపెట్టెలోంచి రసమట్టం తెచ్చి స్టాండు మీద ఉంచాడు. గాలి బుడగ గీత దాటి పక్కకు పోయింది. రెండేళ్ల కింద హాల్లో టైల్సు మార్పించినప్పుడు ఎడమ పక్క అరవేలు దిగిందని అప్పుడు బయటపడింది. నీళ్లు, రాళ్లు, అద్దం కలిపి దాదాపు రెండు వందల కిలోల బరువు అన్నాళ్లూ ఆ మూలకే ఒరిగి ఉంది. తుప్పు నెట్టింది, నేల లాగింది. కాళ్ల కింద రబ్బరు బిళ్లలు పెట్టి, బుడగ మధ్యకు వచ్చే దాకా నాయన నన్ను వంగోబెట్టే ఉంచాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంటే నా నడుము పోయింది. స్టాండు ఆయన చేసిందే, దానికి తుప్పు లేదు. దాని మీద థర్మాకోల్ షీటు, ఆ పైన కొత్త తొట్టి.

నింపి పరీక్షించాలంటే నీళ్లు లేవు. ఏప్రిల్ అంతా వాతావరణ శాఖ లెక్కలో నగరానికి చుక్క వాన పడలేదు. నలభై ఏళ్లలో అలాంటి ఏప్రిల్ లేదని పేపర్లు రాశాయి. ట్యాంకరు నీళ్లు నూట యాభై లీటర్లు కేవలం కారుతుందో లేదో చూడటానికి పొయ్యమని అడిగే ధైర్యం నాకు లేదు. తొట్టి హాల్లో ఖాళీగా, చేపలు బాల్కనీలో డ్రమ్ములో. రాత్రి లేచి నీళ్ల కోసం వెళితే సక్కరు డ్రమ్ము గోడను గీరుతున్న చప్పుడు వినపడేది.

మే మొదటి వారంలో వాన వచ్చింది. టెర్రస్ గొట్టం నుంచి మొదటి పది నిమిషాలు వదిలేసి, తరవాత బకెట్లు పెట్టాం. మా ఆవిడ కొంగు బిగించి, "చేపలకి ముందు పొయ్యండి, మళ్లీ ఆగిపోతుందేమో" అంది. నేను నమ్మలేకపోయాను. పైనుంచి బకెట్లు, కింద నాయన మగ్గుతో. అంచుకు రెండు వేళ్లు తక్కువ దాకా నింపి, చుట్టూ పేపరు పట్టీలు దూర్చాం. రెండు రోజులు కారకపోతే కాసిని నీళ్లు తీసేసి, పాత గులకరాళ్లు, పాత స్పాంజి, డ్రమ్ము నీళ్లు వేసి చేపల్ని దించుదామని ఒప్పందం.

ఆ మధ్యాహ్నమే గుజరీవాడు సైకిలు మీద వచ్చాడు. ఫ్రేము తూకం ఆరు కిలోలకు చిల్లర తక్కువ. నూట అరవై రూపాయలిచ్చాడు. నాయన వాకిట్లోకి రాలేదు. బేరం మాత్రం లోపల్నుంచే వింటున్నాడని, "నూట డెబ్బై అనాల్సింది" అన్నప్పుడు తెలిసింది.

రెండు రోజులయ్యాక పొద్దున నేను లేచేసరికి ఆయన తొట్టి ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. అద్దాలు పెట్టుకుని, స్టాండు అంచున వేలాడుతున్న పేపరు పట్టీ చదువుతున్నాడు.

"తడిసిందా నాయనా?"

"లేదు. వాన గురించి ఏదో రాసినారు. ఎన్ని మిల్లీమీటర్లో చూద్దామంటే" అని పట్టీని మెల్లగా లాగి చూశాడు. రాలేదు. "మిగతా సగం తొట్టి కింద పడిందిరా."